క్యాంపు నెలల చుట్టూ అల్లుకున్న ప్లాన్: గోవా 70.3 ప్రాజెక్టు డైరీ

ఫిబ్రవరి

ఈ ఏడాది పెట్టుకున్న లక్ష్యం గోవాలో జరిగే ఐరన్‌మ్యాన్ 70.3. సముద్రంలో 1.9 కిలోమీటర్ల ఈత, ఒడ్డుకు రాగానే 90 కిలోమీటర్ల సైకిల్, సైకిల్ దిగగానే 21.1 కిలోమీటర్ల పరుగు. మొత్తం 113 కిలోమీటర్లు, మైళ్లలో 70.3. ఈతకు ఇచ్చే గడువు గంటా పది నిమిషాలు. మూడూ కలిపి ఎనిమిదిన్నర గంటల్లో ముగించాలి.

నేను టెరిటోరియల్ ఆర్మీలో ఆఫీసర్ని. మిగతా రోజుల్లో విజయవాడ ఆటోనగర్‌లో బావతో కలిసి లేత్ వర్క్‌షాప్ నడుపుతాను. టెరిటోరియల్ ఆర్మీ గురించి మనవైపు చాలామందికి తెలియదు, కపిల్‌దేవ్‌కీ ధోనీకీ గౌరవ హోదా ఇచ్చారన్న వార్త తప్ప. 1948లో చట్టం వచ్చింది. 1949 అక్టోబర్ 9న అప్పటి గవర్నర్ జనరల్ రాజాజీ దీన్ని ప్రారంభించారు. సొంత ఉద్యోగమో వ్యాపారమో ఉండి, దాన్ని వదలకుండానే దేశానికి కొంత కాలం ఇవ్వాలనుకునేవాళ్ల కోసం పెట్టిన సైన్యం ఇది. మాలాంటి యూనిట్లలో ఏటా రెండు నెలల శిక్షణ క్యాంపు ఉంటుంది. అది కాక, ప్రభుత్వం పిలిచినప్పుడు వెళ్లాలి.

ఆ పిలుపు కాగితం మీది మాట కాదు. 2025 మేలో, టెరిటోరియల్ ఆర్మీలోని 32 ఇన్‌ఫాంట్రీ బెటాలియన్లలో 14 బెటాలియన్లను విధుల్లోకి తీసుకునే అధికారాన్ని కేంద్రం ఆర్మీ చీఫ్‌కు ఇచ్చింది. ఆ ఉత్తర్వు 2028 ఫిబ్రవరి 9 వరకు అమల్లో ఉంటుంది. కాబట్టి రేసు ఫీజు కట్టేటప్పుడే ఇంట్లో ఒక మాట చెప్పాను: ఈ డబ్బు పోవచ్చు, పోతే దాని గురించి మనం మాట్లాడుకోవద్దు. గోవాలో గది కూడా చివరిదాకా రద్దు చేసుకునే వీలున్నదే తీసుకున్నాను.

ఇప్పుడు అసలు చిక్కు. రేసు ట్రైనింగ్ ప్లాన్లు ఏవి చూసినా వారానికి ఇన్ని ఈతలు, ఇన్ని రైడ్లు అని వరసగా రాసుంటాయి. నడుమ రెండు నెలలు కొలనూ సైకిలూ లేకపోతే ఏం చేయాలో ఏ ప్లానూ చెప్పదు. ఉదయం పరిగెత్తే మిత్రుల్లో సగం మంది "క్యాంపు అయ్యాకే మొదలుపెట్టు" అన్నారు. మిగతావాళ్లు "అక్కడ కూడా ఎలాగోలా టైమ్ దొరకబుచ్చుకో" అన్నారు. రెండూ నాకు నచ్చలేదు. మొదటిదాంట్లో రేసు పోతుంది. రెండోదాంట్లో డ్యూటీని దొంగిలించినట్టవుతుంది. నా కింద ఉండే జవాన్ల దళం (ప్లటూన్) కళ్ల ముందు ఆఫీసరే తన పని చూసుకుంటుంటే ఆ క్యాంపుకు అర్థమే ఉండదు.

అందుకని ప్లాన్‌లో మొట్టమొదట క్యాంపునే రాశాను. గోడ మీద ఏడాది క్యాలెండర్ అంటించి జూన్, జులై నెలలకు ఆకుపచ్చ రంగు వేసి, వాటి కింద రెండు వరసలు గీశాను. క్యాంపు ఇచ్చేవి: పరుగు, బరువుతో నడక, కాళ్లూ నడుమూ గట్టిపడటం, తెల్లవారకముందే లేచే అలవాటు, అలసిపోయినా పని చేసే ఓపిక. క్యాంపు ఇవ్వనివి: ఈత, సైకిల్, సరిపడా నిద్ర. ఇలా రాసుకున్నాక ముందు నెలల్లో ఏం చేయాలో దానంతటదే తేలింది. క్యాంపు ఇవ్వని ఈత, సైకిల్ మీదే ఇప్పటినుంచి మే దాకా బరువు పెట్టాలి. పరుగు వారానికి రెండుసార్లు చాలు, దాని సంగతి క్యాంపు చూసుకుంటుంది.

మార్చి

సైకిల్‌కి టైమ్ ఎక్కడ? షాపు తొమ్మిదికి తెరవాలి. బెంజి సర్కిల్ వైపు ఆరు దాటితే లారీలూ బస్సులే. అందుకే ఇంట్లోనే తొక్కుకునేలా రోలర్లు తయారుచేశాను. మూడు డ్రమ్ములు, వాటి మీద సైకిల్. వెనక చక్రం రెండు డ్రమ్ముల నడుమ కూర్చుంటుంది, ముందు చక్రం మూడోదాని మీద తిరుగుతుంది. సైకిల్‌ని పట్టి ఉంచేది ఏదీ ఉండదు, బ్యాలెన్స్ మనదే. చేసుకోవాలనుకునేవాళ్ల కోసం కొంచెం వివరంగా రాస్తున్నాను.

డ్రమ్ములకు 110 ఎం.ఎం. పీవీసీ పైపు తీసుకున్నాను, మందంగా ఉండే రకం. ముక్క పొడవు 40 సెంటీమీటర్లు. రెండు చివర్లకూ నైలాన్ రాడ్ నుంచి మూతలు టర్నింగ్ చేసి, వాటిలో 6202 బేరింగులు దించి, 15 ఎం.ఎం. షాఫ్టు ఎక్కించాను. పీవీసీ పైపు కంటికి గుండ్రంగానే కనిపిస్తుంది కానీ లేత్ మీద డయల్ పెట్టి చూస్తే కోలగా ఉందని తెలుస్తుంది. అలాగే బిగిస్తే గంటకు 30 కిలోమీటర్ల వేగం దాటగానే సైకిల్ అంతా వణుకుతుంది. మూతలు బిగించాక మొత్తాన్ని లేత్ మీద పెట్టి పైపొర సన్నగా తీసేయాలి. ఈ ఒక్క పనితో తేడా స్పష్టంగా తెలిసింది.

ఫ్రేము రెండించుల బాక్స్ పైపుతో వెల్డింగ్. వెనక రెండు డ్రమ్ముల మధ్య దూరం దాదాపు 25 సెంటీమీటర్లు. ముందు డ్రమ్మును జరుపుకునేలా బోల్టు రంధ్రాలు పొడవుగా కోయాలి. ఎందుకంటే దాని ఇరుసు ముందు చక్రం ఇరుసు కన్నా ఒకటి రెండు సెంటీమీటర్లు ముందుకు ఉండాలి. వెనక్కి ఉంటే చక్రం ముందుకు జారిపోవాలని చూస్తుంది. నడిమి డ్రమ్ము నుంచి ముందు డ్రమ్ముకు గుండ్రటి పీయూ (పాలీయురెథేన్) బెల్టు వేశాను. బెల్టు లేకపోతే ముందు చక్రం తిరగదు, చక్రం తిరగకపోతే సైకిల్ నిలవదు. డ్రమ్ము ఎంత చిన్నదైతే తొక్కడం అంత బరువు. 110 ఎం.ఎం. నాకు సరిగ్గా కుదిరింది.

బావ వచ్చి చూసి, "జూన్‌లో నువ్వు వెళ్లాక ఇది నేను వాడుకుంటాను బావా" అన్నాడు. క్యాంపు రెండు నెలలూ షాపు ఆయనొక్కడే మోస్తాడు. జీతానికి పనిచేసేవాళ్లకు టెరిటోరియల్ ఆర్మీ చట్టం 7వ సెక్షన్ అండగా ఉంది, సేవకు వెళ్లొచ్చినవాళ్లను యజమాని తిరిగి పనిలోకి తీసుకోవాలని. సొంత షాపు ఉన్నవాడికి ఆ సెక్షన్ బావే. ఆయన ఒప్పుకోకపోతే నాకు యూనిఫామూ లేదు, రేసూ లేదు.

ఏప్రిల్

ఈత సర్ విజ్జీ కొలనులో. నేను చిన్నప్పటినుంచీ ఈదేవాడినే కానీ కాలవ ఈత వేరు, 1.9 కిలోమీటర్ల ఈత వేరు. కొలను దగ్గర ఉండే మాస్టారు మొదటిరోజే ఒక పొడవు చూసి, "మీరు నీళ్లను కొడుతున్నారు. పట్టుకోవాలి. మోచెయ్యి పైన ఉంచి ముంజేయి మొత్తంతో వెనక్కి తోయండి" అన్నారు. నెలంతా దూరం మీద ధ్యాస పెట్టలేదు. నాలుగు పొడవులు ఈదడం, ఆగడం, మళ్లీ ఈదడం. నాలుగు పొడవులకు చేతులు ఎన్నిసార్లు వేస్తున్నానో లెక్కపెట్టుకుంటూ ఆ లెక్క తగ్గించుకుంటూ వచ్చాను. నెలాఖరుకి 1.9 కిలోమీటర్లు ఆగకుండా 54 నిమిషాలు. గడువులోపే, కానీ సముద్రంలో అలలుంటాయి, తాడు గీతలు ఉండవు.

ఆదివారాలు పొడవాటి రైడ్. ప్రకాశం బ్యారేజీ దాటి ఉండవల్లి నుంచి కరకట్ట మీదుగా అమరావతి వైపు. తెల్లవారుజామున అరటి తోటల మధ్య ఆ దారిలో గాలి చల్లగా ఉంటుంది. మన జిల్లాల్లో ఎత్తులు తక్కువ కాబట్టి ఎక్కుడు కోసం కొండవీడు వెళ్లాను. గుంటూరు దాటి ఫిరంగిపురం వైపు వెళితే రెడ్డి రాజుల కోట. కొండమీదికి ఘాట్ రోడ్డు వేశాక సైకిల్ వాళ్లకు అదొక వరం. పైన కోట గోడ దగ్గర కాసేపు ఆగి, కిందికి దిగి, మళ్లీ ఎక్కడం.

వీటికి తోడు వారానికొకసారి ఆర్మీ బూట్లతో, వీపున సంచితో నడక. మొదట 8 కిలోలు, నెమ్మదిగా 15. సంచిలో షాపులో పడున్న పాత బేరింగులే. ఇది రేసు కోసం కాదు, క్యాంపు కోసం. బూట్లు క్యాంపులో మెత్తబడతాయిలే అనుకుంటే మడమలు మూల్యం చెల్లిస్తాయి. సన్నటి నైలాన్ మేజోళ్లు లోపల, దళసరివి పైన వేసుకుంటే రాపిడి మేజోళ్ల మధ్యే జరిగిపోతుంది, చర్మం దాకా రాదు.

మే

విజయవాడ మే నెల గురించి మనవాళ్లకు చెప్పనక్కర్లేదు. బయటివాళ్లు మా ఊరిని ఎండ పేరుతో ఏడిపిస్తారు, నాకు మాత్రం ఈసారి ఆ ఎండ చాలా పనికొచ్చింది. గోవా రేసులో ఉక్క తప్పదు, క్యాంపులోనూ ఎండ తప్పదు. వేడిలో రోజూ కొంతసేపు కష్టపడితే పది పద్నాలుగు రోజుల్లో ఒళ్లు అలవాటు పడుతుంది. రక్తంలో నీటిభాగం పెరుగుతుంది, చెమట ముందుగా పట్టడం మొదలవుతుంది, అదే పనికి గుండె తక్కువ కొట్టుకుంటుంది. మధ్యాహ్నం రోడ్డు మీదికి వెళ్లడం ప్రమాదం. అందుకే సాయంత్రం వరండాలో ఫ్యాను ఆపేసి రోలర్ల మీద తొక్కాను, పక్కనే మనిషి ఉన్నప్పుడు మాత్రమే.

ఇదే సమయంలో చెమట లెక్క తీసుకున్నాను. తొక్కే ముందు బట్టల్లేకుండా బరువు, తొక్కాక తుడుచుకుని బరువు, మధ్యలో తాగింది కలుపుకోవాలి. ఒక కిలో తగ్గితే దాదాపు ఒక లీటరు పోయినట్టు. నాకు గంటకు 1.3 లీటర్ల వరకు పోతోంది. ఉత్త నీళ్లతో ఇది పూడదు. ఓఆర్ఎస్ ప్యాకెట్ మీద వివరాలు చదివాను: లీటరుకు 20.5 గ్రాములు, అందులో గ్లూకోజ్ 13.5 గ్రాములే. ఉప్పుకు బాగుంది, శక్తికి చాలదు. ఇంత పొడవాటి రేసులో గంటకు 60 గ్రాముల వరకు పిండిపదార్థం కావాలి. చివరికి నా సీసా ఇలా కుదిరింది: 750 మిల్లీలీటర్ల నీళ్లు, 45 గ్రాముల పంచదార, ఒక గ్రాము ఉప్పు, సగం నిమ్మకాయ. ఒక గ్రాము ఉప్పులో సోడియం 390 మిల్లీగ్రాములకు కాస్త ఎక్కువే. మిగతా శక్తికి అరటిపండు, ఖర్జూరాలు. రంగురంగుల జెల్ ప్యాకెట్లు కూడా వాడి చూశాను. నా కడుపు అరటిపండునే ఒప్పుకుంది.

నెల చివరి రెండు వారాలు అన్నీ సగానికి తగ్గించాను. ఇది చాలామందికి వింతగా అనిపించింది. "క్యాంపుకు ముందు ఇంకా గట్టిగా చేయాలి కదా, అక్కడ ఎలాగూ ఉండదు" అన్నారు. వాళ్లకు ఈ లెక్క చూపించాను.

ప్రతి శ్రమకూ ఒక అంకె వేస్తాను. ఎన్ని నిమిషాలు చేశామో, దాన్ని ఎంత కష్టంగా అనిపించిందో పదికి ఇచ్చే మార్కుతో గుణించాలి. దీన్ని అమెరికా శాస్త్రవేత్త కార్ల్ ఫోస్టర్ వాడుకలోకి తెచ్చారు. గంటసేపు ఈత, కష్టం 5 అయితే 300. నాలుగు గంటల రైడ్, కష్టం 5 అయితే 1200. ఇంట్లో ఉన్నప్పుడు నా మంచి వారం 2800 దగ్గర ఉంటుంది. పోయిన ఏడాది క్యాంపు నోటుబుక్కులోంచి అదే లెక్క తీస్తే, ఒక్క మూడు గంటల రూట్ మార్చ్ (సామాను మోస్తూ దూరపు నడక) 7 మార్కులతో 1260. రోజూ పీటీ, డ్రిల్లు, సాయంత్రం ఆటలు కలిపితే మొదటి వారమే 4000 దాటుతోంది, అదీ తక్కువ నిద్రతో. రేసుకు ముందు ఒంటిని తేలిక చేసుకున్నట్టే క్యాంపుకు ముందు కూడా చేసుకోవాలి. సైన్యాల్లో కొత్తగా చేరినవాళ్లకు కాలి ఎముకలో సన్నటి పగుళ్లు రావడానికి పెద్ద కారణం భారం హఠాత్తుగా పెరగడమే.

జూన్, జులై

యూనిట్ పేరు, క్యాంపు చోటు ఇక్కడ రాయను. జీపీఎస్ వాచీ ఇంట్లోనే వదిలి వెళ్లాను. 2018 జనవరిలో, పరుగులూ రైడ్లూ నమోదు చేసే స్ట్రావా యాప్ ప్రపంచ మ్యాపులో పరుగుల గీతలు చూసి వేరే దేశాల సైనిక స్థావరాల ఆకారాలు జనం గుర్తుపట్టేశారు. యూనిఫామ్ వేసుకునే ప్రతివాడికీ ఆ ఒక్క సంగతి చాలు. చేతికి మామూలు డిజిటల్ వాచీ, జేబులో చిన్న నోటుబుక్కు, పెన్సిలు. నిమిషాలు, కష్టం మార్కు. దూరం తెలియకపోయినా లెక్క సాగుతుంది. ఆ గుణకారం పద్ధతిని నేను ఎంచుకోవడానికి ఇదే అసలు కారణం.

తెల్లవారుజామున ఫాల్ ఇన్ (వరసలో నిలబడటం), పీటీ, లంగర్‌లో (సైనికుల వంటశాల) టిఫిన్, ఆయుధ శిక్షణ, మధ్యాహ్నం క్లాసులు, సాయంత్రం ఆటలు, రోల్ కాల్. కొన్ని రోజులు రేంజ్‌లో ఫైరింగ్. మధ్యలో బీపీఈటీ అనే సైన్యపు ఫిట్‌నెస్ పరీక్ష, అంటే ఆయుధం, సామాను మోస్తూ 5 కిలోమీటర్ల పరుగు, దాంతోపాటు తాడు ఎక్కడం, తొమ్మిది అడుగుల గొయ్యి దూకడం లాంటివి.

పీటీ పరుగులో నేను నా వేగంతో పరిగెత్తలేదు. ప్లటూన్‌లో అందరికన్నా వెనకపడే జవాను పక్కనే పరిగెత్తాను. ఇంట్లో ఆయనకు టీ కొట్టు, పది నెలలు పొద్దున్నుంచి రాత్రిదాకా నిలబడే పని, పరిగెత్తే తీరిక దొరకదు. మొదటి వారం ఆయన ఆగిపోయే చోటే రెండో నెలలో ఊపిరి తీసుకుంటూ నాతో మాట్లాడుతూ పరిగెత్తాడు. నా రేసు మాటకొస్తే, మాట్లాడుతూ పరిగెత్తగలిగే నెమ్మది వేగమే దూరపు పందేలకు పునాది. ఇంటి దగ్గర ఒంటరిగా పరిగెత్తినప్పుడు అంత నెమ్మదిగా వెళ్లడానికి మనసు ఒప్పుకోదు. ఇక్కడ డ్యూటీయే ఆ వేగాన్ని పెట్టింది. ఈ డైరీ అంతటిలో నేను గట్టిగా చెప్పాలనుకునేది ఇదే: ఆ రెండు నెలల్లో ప్లటూన్‌కు మంచి జరిగిన ఏ పనీ నా రేసుకు చెడు చేయలేదు.

అయితే వేగం మొద్దుబారకుండా ఏదో ఒకటి చేయాలి. 1980లలో రాబర్ట్ హిక్సన్ అనే పరిశోధకుడు వరుసగా కొన్ని ప్రయోగాలు చేశారు. బాగా తయారైనవాళ్లు వారంలో శ్రమించే రోజులను మూడో వంతుకు తగ్గించినా, తీవ్రత అలాగే ఉంచితే వారాల తరబడి సామర్థ్యం నిలిచింది. తీవ్రత తగ్గించినవాళ్లకు నిలవలేదు. కాబట్టి ఆటల సమయంలో, ప్లటూన్ కమాండర్‌గా నా పని లేని రోజు చూసుకుని, అనుమతితో, మిట్ట మీదికి రెండేసి నిమిషాల గట్టి పరుగులు తీశాను. ఇద్దరు జవాన్లు తమంతట తామే వచ్చి కలిశారు.

ఈత కోసం పాత సైకిల్ ట్యూబు పట్టుకెళ్లాను. దాన్ని నిలువుగా కోసి, నడుము ఎత్తులో చెట్టుకు చుట్టి, ముందుకు వంగి రెండు కొసలూ పట్టుకుని మోచెయ్యి పైన ఉంచి వెనక్కి లాగాలి. మాస్టారు చెప్పిన కదలికే, నీళ్లు లేవంతే. రాత్రి రోల్ కాల్ అయ్యాక పది నిమిషాలు. నీటి స్పర్శ దీనితో రాదు కానీ భుజం బలం నిలబడుతుంది.

ఒక దశలో ఎడమ కాలి ముంగాలు ఎముక లోపలివైపు నొప్పి మొదలైంది. మా సుబేదార్ సాబ్ నడక చూసే కనిపెట్టారు. "సాబ్, ముందు ఎంఐ రూమ్‌కు పదండి, తర్వాత మాట్లాడదాం" అన్నారు. ఎంఐ రూమ్ అంటే క్యాంపులో వైద్యం చూసే గది. నర్సింగ్ అసిస్టెంట్ వేలితో నొక్కుతూ చూశాడు. నొప్పి బెత్తెడు మేర పరుచుకుని ఉంది. ఒకే వేలు పట్టేంత చోట గుచ్చినట్టు ఉంటే ఎక్స్‌రే తీయించాల్సిందే అని, ఒంటికాలి మీద గెంతమని చూసి, ప్రస్తుతానికి ఆ అనుమానం లేదన్నాడు. కొద్దిరోజులు పరుగు బదులు నడక, పిక్కల వ్యాయామం, మంచు ముక్క. తగ్గింది. ఏప్రిల్‌లో బూట్లతో నడవకపోయి ఉంటే అది అక్కడితో ఆగేదని నేననుకోను.

లంగర్ తిండి గురించి ఒక్క మాట. రొట్టె, పప్పు, కూర, అన్నం వేడివేడిగా, కడుపు నిండా. మా తెలుగువాళ్లం మాత్రం ఇంటినుంచి తెచ్చిన ఆవకాయ సీసా తలా ఇంత పంచుకున్నాం. చెమటలో పోయిన ఉప్పంతా దానితో తిరిగొచ్చిందని నా నమ్మకం.

ఆగస్టు

ఇంటికొచ్చాక మొదటి వారం ఏ శ్రమా రాయలేదు. నిద్ర మాత్రమే. ఉదయం లేవగానే మంచంలోనే నాడి చూసుకునే అలవాటు నాకుంది. క్యాంపు చివర్లో అది మామూలు కన్నా నిమిషానికి పది దాకా ఎక్కువగా ఉండేది. అది కిందికి దిగేదాకా ఆగాను. ఉత్సాహం మీద వచ్చిన మర్నాడే పొడవాటి రైడ్‌కు వెళ్లే మిత్రులను చూశాను. నేను చూసినంతలో దెబ్బలు తగిలేది క్యాంపులో కన్నా ఆ తర్వాతి పది రోజుల్లోనే ఎక్కువ.

ఇంటి లెక్క కూడా ఉంది. రెండు నెలలు మా ఆవిడ ఒక్కతే పిల్లల స్కూలు, మా నాన్న మందులు, కరెంటు బిల్లులు అన్నీ చూసుకుంది. వచ్చీ రాగానే ఆదివారం ఆరు గంటలు సైకిల్ మీద ఉంటానంటే అది న్యాయం కాదు. మొదటి ఆదివారాలు పూర్తిగా ఇంటివే అని మార్చిలోనే ఇద్దరం అనుకున్నాం, క్యాలెండర్‌లో అవి కూడా ఆకుపచ్చ రంగులోనే ఉన్నాయి. బావకూ అంతే. ఆయన భద్రాచలం వెళ్లొచ్చేదాకా షాపు నేనే తెరిచి నేనే మూశాను. పొడవాటి రైడ్‌లు ఆ తర్వాతే. టెరిటోరియల్ ఆర్మీలో చేరాలనుకుని నన్ను అడిగే కుర్రాళ్లకు ఫిట్‌నెస్ కన్నా ముందు ఈ సంగతే చెబుతాను. ఇంట్లోవాళ్లు కూడా నీతోపాటు సేవ చేస్తారు, వాళ్ల సెలవులు కూడా ప్లాన్‌లో రాసుకో అని.

తిరిగి మొదలుపెట్టినప్పుడు ఏది ఎంత మిగిలిందో కొలిచాను. పరుగు బాగా మెరుగైంది. అదే గుండె వేగానికి కిలోమీటరుకు దాదాపు 20 సెకన్లు తగ్గాయి. సైకిల్ మీద ఊపిరి ఆడుతోంది కానీ తొడలు త్వరగా అలసిపోతున్నాయి, సీటు మీద కూర్చునే అలవాటు పోయింది. ఈత అన్నిటికన్నా ఎక్కువ దెబ్బతింది. 1.9 కిలోమీటర్లు మళ్లీ గంట దాటింది. భుజాల్లో బలం ఉంది, నీటి మీద పట్టు పోయింది. మాస్టారు "బలం ఉందిగా, పట్టు మూడు వారాల్లో వస్తుంది. వారానికి నాలుగుసార్లు రండి, కొద్దిసేపైనా సరే" అన్నారు. ఆయన మాట నిజమైంది.

కృష్ణలో ఈదాలని చాలామంది మిత్రులు పిలిచారు. పడవ తోడుంటే బ్యారేజీ ఎగువన వేసవిలో బాగుంటుంది. ఆగస్టు, సెప్టెంబర్ నెలల్లో నేను నదిలోకి దిగను. 2024 సెప్టెంబర్ 2న ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కుల వరద నమోదైంది. అటు బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగింది. ఆ రోజుల్లో మా వీధుల్లో పడవలు తిరగడం చూసిన వాళ్లెవరికీ వరద కాలపు నదిని తేలిగ్గా తీసుకోబుద్ధి కాదు. ఎగువ గేట్లు ఎప్పుడు ఎత్తుతారో ఈతగాడికి ఎవరూ చెప్పరు.

సెప్టెంబర్

సముద్రం కోసం మంగినపూడి. ఆటోనగర్ నుంచి కంకిపాడు, ఉయ్యూరు, పామర్రు మీదుగా బందరు, అక్కడినుంచి బీచ్, దాదాపు 80 కిలోమీటర్లు. దారి అంతా చదును, ఎదురుగాలి వచ్చిందంటే ఆగకుండా గంటల తరబడి ముఖం మీదే. రేసులో 90 కిలోమీటర్లూ ఒకే భంగిమలో ఒకే వేగంతో తొక్కడానికి దీన్ని మించిన దారి నాకు తెలియదు. బావ కారులో ముందుగా వెళ్లి అక్కడ ఉండేవాడు, ఒడ్డున మనిషి లేకుండా నీళ్లలోకి వెళ్లేది లేదని ఇంట్లో మాటిచ్చాను.

మంగినపూడిలో నేల నల్లమట్టి, చాలా దూరం లోతు ఉండదు. ఒడ్డుకు సమాంతరంగా, ఛాతీ లోతు దాటకుండా ఈదొచ్చు. ఇక్కడ నేర్చుకోవాల్సింది తల ఎత్తి దారి చూసుకోవడం. కొలనులో అడుగున నల్లగీత ఉంటుంది, ఇక్కడ మట్టినీళ్లలో సొంత చెయ్యే కనిపించదు. మొసలి నీళ్లపైకి కళ్లు మాత్రమే తేల్చినట్టు, కళ్లద్దాల వరకే ఎత్తి చూసి, వెంటనే పక్కకు తిరిగి ఊపిరి తీసుకోవాలి. తల మొత్తం ఎత్తితే నడుము మునుగుతుంది, వేగం చస్తుంది. ఆరేసి చేతులకు ఒకసారి చూడటం నాకు కుదిరింది. ఒడ్డున లైట్‌హౌస్ గురిగా పెట్టుకున్నాను.

ఈత, సైకిల్ అయ్యాక వెంటనే పరిగెత్తడం మరో పరీక్ష. సైకిల్ దిగిన మొదటి రెండు కిలోమీటర్లు కాళ్లు మనవి కావనిపిస్తుంది. ఇక్కడ క్యాంపు ఇచ్చింది బయటపడింది. రూట్ మార్చ్ అయ్యాక బూట్లతోనే రేంజ్‌కు పరిగెత్తినవాడికి ఆ బరువైన కాళ్లు కొత్త కాదు. అడుగులు చిన్నవిగా, త్వరత్వరగా వేస్తే మూడో కిలోమీటరుకు సర్దుకుంటాయి.

అక్టోబర్

రేసుకు ముందు శ్రమ భారం తగ్గించడం మొదలైంది. ఇప్పటి స్థితి: ఈత 52 నిమిషాలు, 90 కిలోమీటర్ల సైకిల్ మూడు గంటల పావు దగ్గర, దాని తర్వాత పరుగు రెండు గంటల పావు లోపు రావాలి. సముద్రం ఎలా ఉన్నా ఎనిమిదిన్నర గంటల గడువుకు చాలా వెసులుబాటు ఉంది. నేను వేసుకున్న లక్ష్యం ఏడు గంటలు.

9న టెరిటోరియల్ ఆర్మీ డే. మా ప్లటూన్ వాళ్లు ఫోన్ చేశారు. టీ కొట్టు జవాను తమ ఊళ్లో పది కిలోమీటర్ల పరుగులో పాల్గొన్నానని, చివరిదాకా ఆగలేదని చెప్పాడు. నా రేసు గురించి అడిగితే వివరాలన్నీ చెప్పాను.

ప్రయాణం అమరావతి ఎక్స్‌ప్రెస్‌లో, విజయవాడ నుంచి వాస్కో వైపు. సైకిల్ కోసం షాపులోనే ప్లైవుడ్ పెట్టె చేశాం. రెండు చక్రాలూ, పెడళ్లూ విప్పి, హ్యాండిల్ పక్కకు తిప్పి, వెనక గేరు మార్చే డిరైల్లర్ వంగకుండా దాన్ని కూడా విప్పి గుడ్డలో చుట్టి గొలుసు దగ్గరే కట్టేయాలి. ముందు ఫోర్కు కాళ్ల మధ్య ఒక నైలాన్ ముక్క టర్నింగ్ చేసి బిగించాను, పైనుంచి బరువు పడినా నొక్కుకుపోకుండా. 4, 5, 6 ఎం.ఎం. అలెన్ కీలు, పెడల్ స్పానర్, రెండు ట్యూబులు, పంపు పెట్టెలోనే. బూట్లూ యూనిఫామూ ఉన్న కిట్ బ్యాగు ఇంట్లో సర్ది సిద్ధంగా ఉంది, ఎప్పటిలాగే తలుపు పక్కన. మధ్యలో పిలుపు వస్తే మా ఆవిడ దాన్ని ఎక్కడికి పంపాలో రాసిపెట్టాను.

ఇంకా మిగిలిన పనులు: ముందు టైరుకు సన్నటి కోత ఉంది, మార్చాలి. రేసు సీసాల కోసం పంచదార, ఉప్పు పొట్లాలు విడివిడిగా తూచి కట్టాలి. వచ్చే ఏడాది క్యాంపు తేదీలు తెలియగానే కొత్త క్యాలెండర్‌లో వాటికి రంగు వేయాలి, ఆ పని అయ్యాకే తర్వాతి రేసు మాట.